పక్క రేకు మీద మూడు దెబ్బలు

మందమర్రిలో నన్ను ఎరిగినవాళ్లెవరూ నా మాటను ఉన్నది ఉన్నట్టు తీసుకోరు. నేను చెప్పే పులి కథలో పులి ఏడాదికో మూర పెరుగుతుంది. పాత గని దారిలో తెల్లచీర ఆవిడ తిరుగుతుందంటారే, ఆమెను పుట్టించింది కూడా నేనే. మా పెరట్లో సీతాఫలాలు మాయం కాకుండా అల్లిన కథ అది. అందుకే దయ్యాలను నమ్మే అవకాశం నాకెన్నడూ రాలేదు. సొంతంగా తయారుచేసిన సరుకుకు ఎవరైనా భయపడతారా?

ఇప్పుడు చెప్పేదానికి మాత్రం ఏమీ కలపలేదు. పదేళ్లు దాటింది, ఇది ఒక్క మూర కూడా పెరగలేదు.

మా లచ్చక్క భర్త రాజమల్లు బావ, నేను కలిసి ఒక పాత జీపు నడిపేవాళ్లం. అడవి గుత్తేదారు ఒకాయన ఉట్నూరు వాగుల్లో, రాళ్లలో తిప్పి తిప్పి వదిలేసిన బండి. మందమర్రి, శ్రీరాంపూర్ నడుమ మనుషులను ఎక్కించుకునేవాళ్లం. మరమ్మతులన్నీ అక్కాబావలూ మేమూ ఉండే ఇంటి వెనక రేకుల షెడ్డులో మేమే చేసుకునేవాళ్లం.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు చక్రం దగ్గర కింద పడుకుని, గాలి వదిలే చిన్న మర, నిపిల్ విప్పి, నూనెతోపాటు గాలి పోగానే బిగించాలి. పైవాడు పట్టాడా, వదిలాడా అన్నది కిందివాడికి తెలియాలి. బావ అంతకుముందు గనిలో మందుగుండు పేల్చే పని చేశాడు. చెవులు సగం పోయాయి. నేను కింద నుంచి ఎంత అరిచినా వినపడదు.

అందుకని మేమో పద్ధతి పెట్టుకున్నాం. పెడల్ పట్టగానే బావ తన వేలి ఇనుప ఉంగరంతో సీటు పక్క రేకు మీద రెండుసార్లు కొట్టేవాడు. నేను నిపిల్ బిగించాక పానాతో చాసిస్ మీద ఒకసారి కొట్టేవాణ్ని. ఆ అదురు ఆయన అరికాళ్లకు తెలిసేది, పెడల్ వదిలేవాడు. ఎక్కడైనా తేడా వస్తే ఆయన మూడు కొట్టేవాడు. మూడంటే ఆగు, తప్పు జరిగింది అని.

బావ కామెర్లతో పోయాడు. పదకొండో రోజు దాటగానే, ఇంట్లో కూర్చోలేక, ముందు చక్రాల్లో కారుతున్న రెండు సిలిండర్లు తీసి కొత్తవి బిగించాను. ఆ రోజు నుంచి బ్రేకు మెత్తబడింది. ఒక తొక్కుకు పెడల్ కిందికి పోతుంది, రెండో తొక్కుకు పట్టుకుంటుంది. మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు మార్చాను. హోసులు మార్చాను. ఎక్కడా చుక్క కారడం లేదు, నూనె తగ్గడం లేదు. ఎన్నిసార్లు గాలి తీసినా అదే తీరు. మాది చదును రోడ్డు కాబట్టి రెండు తొక్కులతో ఏడాది గడిపేశాను.

ఏడాది ఎందుకంటే, ఇంట్లో మనిషి పోతే మావాళ్లు సంవత్సరీకం అయ్యేదాకా గుట్ట ఎక్కరు. చిన్నపిల్ల పుట్టువెంట్రుకలు కొండగట్టులో తీయిస్తానని బావ మొక్కుకున్నాడు. ఏడాది నిండగానే అక్క ప్రయాణం పెట్టింది. అక్క, ఇద్దరు పిల్లలు, మా అవ్వ. దిగేటప్పుడు ఘాటు రోడ్డు మలుపుల్లో రెండో తొక్కుకు వ్యవధి ఉండదు.

ముందు రోజు పొద్దున పక్కింటి యాకూబ్‌ను పెడల్ మీద కూర్చోబెట్టి మళ్లీ గాలి తీశాను. నాలుగు చక్రాలకూ శుభ్రమైన నూనే వచ్చింది.

"అరె ఓదెలన్నా, గిదేంది! పెడల్ పిండిముద్ద లెక్కున్నది," అన్నాడు యాకూబ్. "నువ్వు నోరు నడుపుతవ్ గని, బండి సంగతి రాజమల్లన్నకే ఎర్క."

అన్నది పరాచికానికే. కానీ ఏడాదిగా అందరూ అంటున్న మాటే అది. అతను డ్యూటీకి పోయాడు. అక్క వంటింటి తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"తమ్మీ, బ్రేకు మంచిగైందా? పిల్లలున్నరు, జర సూస్కో."

"రాయి లెక్కున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఎన్నో అబద్ధాలాడాను. ప్రాణాల మీదికి తెచ్చేది అదొక్కటే.

మొక్కు ప్రయాణమని ముందు సీట్లు రెండూ విప్పి, కడిగి, గోడకు ఆనించి ఎండబెట్టాను. ఇది గుర్తుంచుకోండి. మధ్యాహ్నం మనసు ఆగక మళ్లీ జీపు కిందికి దూరి, ఎడమ ముందు చక్రం నిపిల్‌కు రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాను. మళ్లీ యాకూబ్ వచ్చాక చూద్దామని. షెడ్డులో పట్టపగలు, మంచి ఎండ.

పైన రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆలోచించలేదు. చేతికున్న అలవాటు అది. నిపిల్ విప్పాను, నూనె సీసాలోకి చిమ్మింది. బిగించి చాసిస్ మీద పానాతో ఒకటి కొట్టాను. పైన పెడల్ లేస్తూ స్ప్రింగు కిర్రుమంది. మళ్లీ తొక్కిన చప్పుడు, మళ్లీ రెండు దెబ్బలు. అలా నాలుగైదుసార్లు జరిగింది. డ్యూటీకి పోయిన మనిషి ఇంత తొందరగా ఎట్లా వచ్చాడు అని మాత్రం అనుకున్నాను.

అప్పుడు మూడు దెబ్బలు పడ్డాయి.

మూడు దెబ్బల సంగతి యాకూబ్‌కు తెలియదు. రెండు దెబ్బల సంగతీ తెలియదు. పొద్దున అతనితో నోటిమాటతోనే పని చేశాను.

బయటికి పాకి లేచాను. బండిలో ఎవరూ లేరు. కూర్చుందామన్నా సీటు లేదు. గోడ దగ్గర సీట్లు తడిగానే ఉన్నాయి. నిపిల్ విప్పితే తొక్కకపోయినా కొంచెం నూనె కారుతుంది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ అది చుక్కలుగా కారుతుంది, చిమ్మదు. సీసా సగం నిండి ఉంది.

వంటింటి తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. అరచేతిలో బావ ఇనుప ఉంగరం.

"ఉంగరం పెట్టెలనే ఉన్నది," అంది. "దేంతోని కొట్టినవ్ రా?"

నేను సీట్లు లేని బండి వైపు తిరిగి చూశాను.

"నీ ఆటలు ఊరోళ్లతోని ఆడు తమ్మీ. నాతోని గట్ల ఆడకు. మీ బావ కొట్టినట్టే కొడ్తవా? గుండె ఆగినంత పనైంది."

నేను కాదని చెప్పలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారు? దానికి బదులు ఇంకోటి చెప్పాను.

"అక్కా, బ్రేకు మంచిగ కాలే. పొద్దుగాల నీకు అబద్ధం చెప్పిన."

అక్క గడప మీద కూలబడి ఉంగరాన్ని కొంగుకు ముడివేసుకుంది. అప్పుడు తిట్టి ఉంటే బాగుండేది.

జాకీ పెట్టి ఆ చక్రం విప్పాను. ఏడాదిలో నూనె చూశాను, రబ్బర్లు చూశాను, హోసులు చూశాను. నేను బిగించిన సిలిండర్‌ను మాత్రం చూడలేదు. నేనే బిగించాను కదా! నిపిల్ పైన ఉండాలి, గాలి పైకి ఎక్కుతుంది కాబట్టి. నాది కింద ఉంది. కుడి చక్రానిది ఎడమకు, ఎడమది కుడికి వేశాను. కింద నుంచి శుభ్రమైన నూనె వస్తూనే ఉంది, పైన గాలి ఏడాదిగా హాయిగా కూర్చుంది. పదకొండో రోజు కళ్లతో చేసిన పని అట్లాగే ఉంటుంది.

రెండూ మార్చాను. సాయంత్రం యాకూబ్ వచ్చి తొక్కాడు. పెడల్ సగం దూరంలో ఆగి, ఎంత బలం పెట్టినా కదలలేదు.

మర్నాడు కొండగట్టు దిగుతుంటే మూడో మలుపులో ఎదురుగా లారీ అడ్డం తిరిగి ఉంది. తొక్కాను. ఒక్క తొక్కుకే జీపు నిలబడింది, మా ముందు బంపరుకూ లారీకీ నడుమ ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది. అక్క ఒళ్లో బోడిగుండు పిల్ల నిద్ర కూడా లేవలేదు.

నేను కల్పించిన దయ్యాలన్నిటికీ లెక్క నా దగ్గరుంది. ఏది ఎందుకు పుట్టించానో చెప్పగలను. దీనికి నా దగ్గర ఏమీ లేదు. జీపు కింద మధ్యాహ్నం కునుకు పట్టి కలగన్నానేమో అని ఎన్నిసార్లో అనుకున్నాను. కానీ ఆ దెబ్బలు విన్నది నేనొక్కణ్నే కాదు. వంటింట్లో అక్క కూడా విన్నది.

ఇద్దరం విన్నాం, సాక్ష్యం ఉంది. కాకపోతే నా సాక్షి ఇప్పటికీ ఒకటే మాట అంటుంది.

"నువ్వే కొట్టినవ్. దేంతోనో చెప్పు, ఏమనను."