గోడ పక్కన గ్యాసు సంచి

తిరుపతిలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువులకు ఎప్పుడూ సరిగా అర్థం కాలేదు. పేడ నుంచి, చెత్త నుంచి, పంట వ్యర్థాల నుంచి ఇంధనం తీసే పరిశోధనల కోసం ప్రభుత్వం కొన్ని కేంద్రాలను ఒక గొలుసుగా కలిపి నడుపుతోంది. అందులో మా కేంద్రం చేసే పనిని జనానికి తెలుగులో చెప్పడం నా బాధ్యత. కరపత్రాలు రాయాలి, చిన్న వీడియోలు తీయాలి, ఊళ్లలో సమావేశాలు పెట్టాలి.

"అంటే గ్యాసు అమ్ముతావా?" అని మా ఖాలా, అంటే పిన్ని, అడిగింది ఒకసారి.

"అమ్మను ఖాలా. దాని గురించి చెబుతాను."

"చెప్తే కూడా జీతమిస్తారా!" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఆ ఏడాది మాకు చిత్తూరు దగ్గర ఒక పల్లెలో పని పడింది. మామిడి కాలం వస్తే ఆ వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. గుజ్జు తీశాక మిగిలిన తొక్కలు రోడ్డు పక్కన కుళ్లి, ముక్కు మూసుకోకుండా ఆ దారిన పోలేం. ఆ తొక్కలను పేడతో కలిపి వంటగ్యాసు చేసే పద్ధతిని మావాళ్లు పరీక్షిస్తున్నారు. ఆవులున్న ఒక రైతు తన పెరట్లో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. పడుకున్న ఎనుములా ఉండే ఒక నల్లటి సంచి, దాని ఒక కొసన పేడ కలిపే తొట్టి, పైనుంచి వంటింటికి ఒక పైపు, ఆ పైపుకు బయటే ఒక వాల్వు. అంతే ఏర్పాటు.

సంచి దించిన రోజే గొడవ మొదలైంది. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మ కొంగు బిగించి గోడ దగ్గరికి వచ్చింది. ఆమెకూ రెండు ఆవులున్నాయి, పాలు అమ్ముకుని బతుకుతుంది.

"దీన్ని నా గోడకాడ పెట్టద్దు. పేలితే ఈ ఇల్లు యాడుంటాది, నేను యాడుంటాను?"

"అత్తా, వీళ్లు సదువుకున్నోళ్లు. ఊరికే పెడతారా?" అన్నాడు రైతు.

"సదువుకున్నోళ్లు సాయంత్రానికి తిరపతికి పోతారు. ఈడ పండుకునేది నేను గదా!"

మా శాస్త్రవేత్తది ఒడిశా. తెలుగు అంతంత మాత్రం, మనసు మాత్రం మెత్తన. ఆమె భయం పోగొట్టడానికి ఆయనకు తోచిన ఉపాయం ఏమిటంటే, అప్పటికి పేడనీళ్లతో సగం నింపిన ఆ సంచికే వీపు ఆనించి కూర్చుని, క్యారియర్ విప్పి పెరుగన్నం తినడం. "చూడండి అమ్మా, పేలదు," అంటూ ప్రతి ముద్దకూ నవ్వాడు. చూడవచ్చినవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇక నా వంతు వచ్చింది. మర్నాడు నా కరపత్రం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. వద్దంటుందేమో అనుకున్నాను గానీ, కూర్చోమని చాప వేసి మజ్జిగ ఇచ్చింది. చదవడం రాదంటే నేనే చదివి వినిపించాను. పైన పెద్ద అక్షరాలతో రాసిన శీర్షిక 'ఏ భయమూ లేదు' అని.

అక్కడే ఆపమంది.

"ఈ మాటే అన్నాడు పాపా, ఆ స్టవ్వు బాగు చేసినోడు. 'ఏం బయం లేదక్కా, బాగా పంపు కొట్టుకో' అన్నాడు."

కొంగు కాస్త తప్పించింది. మోచేతి నుంచి మెడదాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంది.

ఆమె, ఆమె భర్త ఒకప్పుడు అలిపిరి దగ్గర టీ బంకు నడిపేవాళ్లట. తెల్లవారకముందే కొండెక్కే భక్తులకు పంపు స్టవ్వు మీద టీ కాచేవాళ్లు. ఒకనాడు ఆ స్టవ్వు మొరాయిస్తే బాగు చేయించారు. తెచ్చుకున్నాక భర్త వంగి పంపు కొడుతుండగా అది పేలింది. ఆమె చేతులతో మంటలు ఆర్పబోయింది. ఆసుపత్రి నుంచి ఆమె ఒక్కతే బయటికి వచ్చింది. తర్వాత ఆ బంకు జోలికి పోకుండా పుట్టినూరు చేరుకుంది.

కొంగు మళ్లీ కప్పుకుని, కరపత్రం వైపు చూపించి అడిగింది.

"బయం లేదని ఎవురు రాసింది దీంట్లో?"

"నేనే పెద్దమ్మా."

"నీకెట్ల తెల్సు?"

పేలదని మా శాస్త్రవేత్తకు తెలుసు. ఆయన చెబితే నాకు తెలుసు. కానీ ఆమె అడిగింది అది కాదు.

ఆ సాయంత్రం చిత్తూరులో మా పుట్టింటికి వెళ్లాను. మా అబ్బా, అంటే నాన్న, బజారులో చిన్న అంగడి పెట్టుకుని స్టవ్వులు బాగుచేసేవాడు. ఇంటింటికీ సిలిండర్లు వచ్చేదాకా మా ఇల్లు గడిచింది ఆ పనితోనే. జరిగింది ఆయనకు చెప్పాను. తిరుపతిలో ఎవరో చేసిన పనికి తన చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు ఏమని చెప్పి ఇచ్చేవాడివి అబ్బా?"

"బయపడద్దని యెవురికీ చెప్పలా బేటీ. మంట పసుపచ్చగా పైకి లేస్తే యెట్ల ఆపాలో చేసి చూపించి, వాళ్లతో చేయించి పంపేవాణ్ణి. బయం ఉండాల. చేత్తో ఏం చెయ్యాలో కూడా తెలిసుండాల."

కరపత్రం మళ్లీ రాశాను. ఈ సంచిలో ఒత్తిడి తక్కువ కాబట్టి సిలిండర్‌లా పేలదని రాశాను. కానీ గ్యాసు లీకై గదిలో నిండితే అంటుకుంటుందని కూడా రాశాను. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అగ్గిపుల్ల గీయవద్దు, లైటు వేయవద్దు, తలుపులు తెరవండి, బయటున్న వాల్వు మూయండి. బొమ్మలు కూడా వేయించాను.

మా పై అధికారికి అది నచ్చలేదు. "మనమే భయపెడితే ఎవరు ముందుకొస్తారమ్మా?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఎన్ని ఇళ్లు ఒప్పుకున్నాయని ఆయన్ను అడిగేవాళ్లు పైన ఉన్నారు. అప్పుడు మా ఒడిశా శాస్త్రవేత్త, "ఇందులో అబద్ధం ఒక్కటి చూపించండి సార్, తీసేద్దాం," అన్నాడు. చివరికి అచ్చయింది.

సంచిని కూడా గోడ దగ్గర నుంచి తీసి మామిడి తోపు వైపు మార్చాం. పైపు పొడవై మంట నీరసించింది. "ఈ మంటతో నీళ్లు గూడా కాగవు," అని రైతు భార్య మా ముందే విసుక్కుంది. శాస్త్రవేత్త సంచి మీద ఇసుక మూటలు పేర్చి, ఒత్తిడి కాస్త పెంచి, మంటను నిలబెట్టడానికి చాలా తిప్పలు పడ్డాడు. ఆ మధ్యలో ఒకసారి తొక్కలు ఎక్కువై లోపల పులిసిపోయి గ్యాసే రాలేదు. అదీ ఊరికి చెప్పాం.

మంట నిలబడిన రోజు పెద్దమ్మ వచ్చింది. వాకిలి దాటి లోపలికి రాలేదు. వెలిగించమని ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. నేను బయటి వాల్వు దగ్గరికి తీసుకెళ్లాను.

"దీన్ని తిప్పితే?"

"ఆగిపోతుంది."

తిప్పింది. లోపల్నుంచి రైతు భార్య, "ఆరిపాయనే!" అని అరిచింది. పెద్దమ్మ మళ్లీ తెరిచింది, ఆవిడ వెలిగించాక మళ్లీ మూసింది. రైతు భార్య పాపం ఓపిక పట్టింది.

పెద్దమ్మ ఈ రోజుకీ కట్టెల పొయ్యి మీదే వండుకుంటుంది. గ్యాసు తీసుకోలేదు, నేనూ అడగలేదు. తన ఆవుల పేడ మాత్రం ఆ తొట్టికే ఇస్తుంది. మొన్నటి మామిడి కాలంలో వేరే ఊళ్ల ఆడవాళ్లను ఆ ఏర్పాటు చూపించడానికి అక్కడికి తీసుకెళ్లాను. వాళ్లు నేరుగా వంటింట్లోకి పోబోతే ఆమె పెరట్లోంచి పిలిచింది.

"ఇట్ల రాండి మే. ముందు ఆపేది సూడండి. ఎలిగించేది తర్వాత."

వాళ్లంతా వెనక్కి తిరిగి ఆమె చుట్టూ చేరారు. నేను చెప్పాలనుకున్నది పక్కనపెట్టి, వాళ్ల వెనకే నిలబడ్డాను.