యారాలి ఎదపై నా బిడ్డ

మొన్న మా తమ్ముని కోడలు నెలలు నిండకుండానే కని కరీంనగర్‌లో ఒక పిల్లల దవాఖానలో ఉంటే చూడబోయాను. అద్దంలోంచి చూడమన్నారు. లోపల దీపాలు తగ్గించి ఉన్నాయి, నర్సులు చెప్పుల చప్పుడైనా కాకుండా తిరుగుతున్నారు, మా కోడలేమో వాలుకుర్చీలో వెనక్కి ఒరిగి, పిడికెడంత బిడ్డను తన ఎదకు ఆనించుకొని, పైన దుప్పటి కప్పుకొని కళ్ళు మూసుకుని ఉంది. చూసి సంతోషించాను. కానీ నా ఈడువాళ్ళతో నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకు, సంతోషం కంటే ముందు కలిగింది కడుపుమంట. ఆ పిల్ల కూర్చున్న చోట ఒకప్పుడు నేను కూర్చోవలసింది, కూర్చున్నది ఇంకొకరు.

మాది మంథని. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. మా ఆయన పేరు మీద గ్రంథాలయంలో కార్డు ఉండేది, పుస్తకాలు మాత్రం నావి. బీరువాలో ఏ అరలో ఏముందో అక్కడ పనిచేసే పెద్దమనిషి కంటే నాకే బాగా తెలుసునని నా నమ్మకం. గర్భిణిగా ఉన్నప్పుడు శిశు సంరక్షణ మీద ఉన్న పుస్తకాన్ని మూడుసార్లు తెచ్చుకున్నాను. వాడలో ఆడవాళ్ళు దిష్టి అనీ, మైల అనీ, ఎనిమిదో నెల పిల్ల బతకదనీ అంటుంటే, అవన్నీ మూఢనమ్మకాలని పుస్తకంలో వేలుపెట్టి చూపించేదాన్ని. మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, బియ్యంలో రాళ్ళు ఏరుతూ నా చదువు వినేది. ఆమెకు అక్షరం రాదు. ఇద్దరు పిల్లలు పుట్టి పొత్తిళ్ళలోనే పోయారు, ఆ తరువాత కడుపు పండలేదు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మా ఇద్దరికీ మాట పట్టింపు ఎన్నడూ రాలేదు, అప్పటిదాకా.

తొంభైల మొదట్లో సంగతి. ఏడో నెల నడుస్తుండగానే నొప్పులొచ్చాయి. జీపులో కరీంనగర్ చేర్చడంలో ఆలస్యం కాలేదు గానీ, పుట్టిన ఆడపిల్ల రెండు అరచేతుల్లో సరిపోయింది. అద్దాల పెట్టెలో పెట్టారు. నాకేమో మరునాటికే బాలింత జ్వరం పట్టుకుంది, అది తగ్గేదాకా పిల్ల ఉన్న గదిలోకి రావద్దన్నారు. పన్నెండు రోజులు. దాదాపు అన్ని రోజులూ నా పాలు స్టీలు గిన్నెలో పట్టుకుపోయిందీ, పెట్టె పక్కన కూర్చున్నదీ మా యారాలే.

ఆ గదిలో ఒక సిస్టరమ్మ ఉండేది. జగిత్యాల దగ్గర పల్లెలో చర్చి వాళ్ళమ్మాయి, ఎక్కడో పెద్ద దవాఖానలో పని నేర్చుకొని వచ్చింది. తల్లి కడుపులో ఇంకా రెండు నెలలు ఉండవలసిన బిడ్డకు ఈ వెలుతురూ, ఈ చప్పుడూ, అటూ ఇటూ పొర్లించడమూ అన్నీ దెబ్బలేనని ఆమె చెప్పేదట. పెట్టె మీద నల్లగుడ్డ కప్పేది, మెత్తని బట్ట చుట్టలు చుట్టి గూడులా పిల్ల చుట్టూ పేర్చేది. నిమరకుండా, ఒక చేయి తల మీద, ఒక చేయి పాదాల దగ్గర కదలకుండా ఉంచడం మా యారాలికి నేర్పింది. పిల్ల కాస్త కుదుటపడ్డాక రోజూ కొన్ని గంటలు ఎదకు ఆనించుకొమ్మంది.

ఇవన్నీ మా యారాలు నా మంచం దగ్గరికి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పేది. “చెల్లే, ఇయ్యాల నా గుండెకాయ మీదనే పండుకున్నది. నేను ఊపిరి తీస్తే తీస్తది, నేను ఆపితే జర ఆగి ఇంటది. నా లెక్కనే, నువ్వు ఏదన్న చదువుతుంటె ఇననీకి చెవి పెట్టినట్టు.”

నన్ను నవ్వించాలనే అన్నది. నాకు నవ్వు రాలేదు. మూడుసార్లు చదివిన నా పుస్తకంలో ఎదకు ఆనించుకోవడమన్న మాటే లేదు. నాకు తెలియని విద్య ఆమెకు తెలిసింది, నేను తాకని బిడ్డ ఆమె వాసన పట్టింది. ఆమె రవికె మీద నా పిల్ల తల ఆనిన చోట చిన్న నూనె మరక ఉండేది, నా కళ్ళు అక్కడికే పోయేవి. ఆ గదిలో పిల్ల బతకాలని ఎంత కోరుకున్నానో, ఆమె చేతుల్లో అంత హాయిగా బతకకూడదని కూడా అంతే కోరుకున్నానేమోనని ఇప్పటికీ అనుమానం.

తొమ్మిదో రోజు పొద్దున మా అత్త జావ తెచ్చింది. తాగుతూ తాగుతూ, ఏమీ ఎరగనట్టు అన్నాను. “అత్తా, అక్క చేతులు మంచియే. గని ఆమెకు ఇద్దరు పొత్తిళ్ళల్లనే పోయిండ్రు గద. ఆమె రొమ్ము మీద మన పిల్లను... ఏమో, నాకు భయమైతుంది.”

అంతే. అంతకు మించి ఒక్క మాట అనలేదు, అనే అవసరం లేదని నాకు తెలుసు. మా అత్త జావగిన్నె అక్కడే పెట్టి లేచింది. ఊళ్ళో అందరి నమ్మకాలనూ వెక్కిరించిన దాన్ని, అవసరం పడేసరికి వాటిలో అన్నిటికంటే పాడుదాన్ని ఏరి తీసుకున్నాను.

పోయి వద్దన్నదట. మా యారాలు పిల్లను పెట్టెలో పడుకోబెట్టించి బయటికి వచ్చేసింది. మా అత్త ఆ గదిలో కూర్చుంది గానీ ఆమెకు చేతులు వణుకు, పిల్లను ఎదకు ఆనించుకోవడానికి జంకు. ఒక రోజు గడిచింది. మరునాడు మధ్యాహ్నం సిస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చింది.

“నిన్నటిసంది పిల్ల ఊపిరి తీసుడు మర్చిపోతుందమ్మా. రెండుసార్లు నీలమైంది, పాదం మీద తట్టి యాదికి తెచ్చిన. మీ అక్క ఏది? అడిగితె ముసలమ్మ మొకం తిప్పుకుంటది. మీ ఇంటి పంచాయితీ పిల్లకేం ఎరుక?”

నెలలు తక్కువ పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నా అలా ఊపిరి మరిచిపోతారని తరువాత చదివాను. ఆ క్షణాన మాత్రం నా మాటే ఆ పిల్ల గొంతు మీద కూర్చుందనిపించింది. మంచం దిగి, గోడ పట్టుకుంటూ వరండాలోకి పోయాను. మా యారాలు మంథని బస్సెక్కి ఉంటుందనుకున్నాను. నల్లా దగ్గర కూర్చొని పిల్ల బట్టలు ఉతుకుతోంది.

“అక్కా, లోపటికి పో.”

“అత్త వద్దన్నది గద చెల్లె.”

“నేను రమ్మంటున్న.”

చేతులు పిండుకొని లేచింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, సిస్టరమ్మ నేర్పినట్టే. ఎందుకు వద్దన్నారని గానీ, ఎందుకు రమ్మన్నారని గానీ అడగలేదు. సాయంత్రానికి పిల్ల కుదుటపడిందన్నారు. నా జ్వరం తగ్గి నేను లోపలికి పోయిన రోజున, ఆమే తన ఎదమీది నుంచి తీసి నా ఎదమీద పెట్టింది. పిల్ల కాసేపు ముఖం అటూ ఇటూ రుద్దింది, తరువాత ఏడ్చింది. “కొత్త గద, అలవాటైతది” అన్నది మా యారాలు. నా బిడ్డకు నేను కొత్త.

అలవాటైంది. కానీ అయిదేళ్ళు వచ్చేదాకా ఆ పిల్లకు నిద్ర పట్టాలంటే పెద్దవ్వ, అంటే మా యారాలి, ఎదే కావాలి. మా అత్త పోయేదాకా ఆ వద్దన్న నింద మా అత్త మీదనే ఉండిపోయింది, నేను తీసివేయలేదు. మా యారాలు పోయినప్పుడు నా బిడ్డ, తల్లి పోయినట్టే ఏడ్చింది. పక్కన నేనున్నాను, బతికే ఉన్నాను.

ఇప్పుడు దవాఖానల్లో తల్లినే లోపలికి పిలుస్తున్నారు, తల్లికి వీలు కాకపోతే తండ్రి చొక్కా గుండీలు విప్పించి కూర్చోబెడుతున్నారు. ఎంతో మేలు. ఒక పెట్టె పక్కన పన్నెండు రోజులు కూర్చోగలిగే యారాళ్ళు ఇప్పటి ఇళ్ళలో లేరు, ఉన్నా వేరే ఊళ్ళో వేరే పొయ్యి దగ్గర ఉన్నారు. ఇప్పటి తల్లులకు ఆ అవసరమూ లేదు, ఆ కడుపుమంటా లేదు. నాకు మాత్రం అది ఈ వయసులోనూ పోలేదు. అదీ పోతే మా యారాలిని తలచుకోవడానికి నా దగ్గర ఇంకేం మిగులుతుందో తెలియదు.