కోళ్ళ హోటలూ, నేను పుట్టించిన దెయ్యమూ

దెయ్యాలు లేవని చెబుతూ సగం జీవితం తిరిగినవాణ్ణి. రెడ్డిగూడెంలో మైకు పట్టుకుని చెప్పాను. వినగడపలో మైకు దొరక్కపోతే గొంతు చించుకుని చెప్పాను. చివరికి తిరువూరులో, మా సొంత ఇంట్లో, పట్టపగలు, ఒక దెయ్యాన్ని నేనే పుట్టించాను. దాన్ని పోగొట్టడానికి నా పరువంతా ఖర్చయింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. ఈ కథలో నవ్వొద్దని అడ్డుపడిన మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడికి తగిన శాస్తి జరిగింది.

మా తమ్ముడు శీనుకి బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉండేది. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ చావులకీ ఊళ్ళోవాళ్ళ మొహాల్ని తలుపంత చేసి అచ్చేసేవాడు. ఒక మధ్యాహ్నం మిషను తిరుగుతూ ఉండగానే కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. గుండె. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. నాకంటే చిన్నవాడు. ఈ మాట రాయాల్సి వచ్చిన ప్రతిసారీ నా కలం ఆగుతుంది. ఆగి చేసేదేమీ లేదు కనక ముందుకు పోతున్నాను.

కర్మకాండలు వద్దని వాడూ అనేవాడు. కళ్ళు దానమిచ్చాం. పెద్దకర్మ పెట్టలేదు, సంస్మరణ సభ పెట్టాం. అక్కడ నేను విజృంభించాను.

"మా రమ బొట్టు తియ్యదు! గాజులు తియ్యదు! మూల గదిలో కూర్చోదు! ఈ ఇంట్లో విధవ అనే మాటే వినపడదు!"

జనం చప్పట్లు కొట్టారు. సొంత తమ్ముడి సంస్మరణ సభలో చప్పట్లు కొట్టించుకున్న మొనగాణ్ణి నేనే అయ్యుంటాను. శీను భార్య రమ మొదటి వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, తప్పు లెక్క వేస్తున్న పిల్లవాణ్ణి బోర్డు దగ్గర చూసినట్టు చూస్తోంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నా కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. ఏడిస్తే ఉపన్యాసంలో పట్టు పోతుందని బిగబట్టాను. సభ అయ్యాక కూడా ఆ బిగువు సడలలేదు. కర్మలు చేసే ఇళ్ళలో కనీసం చేతులకు పనుంటుంది. మా ఇంట్లో షామియానా విప్పించడంతో దుఃఖానికి సంబంధించిన కార్యక్రమం ముగిసింది.

మాది మేడ ఇల్లు. పైన నేనుండేవాణ్ణి. నాకు పెళ్ళి కాలేదు, ఉపన్యాసాల మధ్య తీరిక దొరకలేదు. కింద శీను, రమ. పిల్లల్లేరు. ఇప్పుడు కింద రమ ఒక్కతే.

నెల తిరగకముందే ఒక సాయంత్రం మెట్లు దిగుతుంటే హాల్లోంచి నవ్వు వినపడింది. రమ నవ్వు. తలుపు తోసి చూస్తే టీవీలో రెండు కోళ్ళు నెత్తిన టోపీలు పెట్టుకుని హోటల్లో అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి. రమ రెండు కంట్రోలర్లూ ఒళ్ళో పెట్టుకుని, కాసేపు ఇది నొక్కుతూ, కాసేపు అది నొక్కుతూ, ఒక్కతే రెండు కోళ్ళనీ నడుపుతోంది. శీను విజయవాడలో కొనుక్కొచ్చిన ఆటల పెట్టె అది.

"ఏంటమ్మా ఇది?"

"కోళ్ళ హోటలు బావగారూ. ఒకటి వండాలి, ఇంకోటి వడ్డించాలి. ఢీకొంటే రెండూ బోర్లా పడతాయి."

"ఆ పెనం మీద ఏంటది?"

"ఆమ్లెట్."

"కోడి ఆమ్లెట్ వెయ్యడమేంటి!"

"కస్టమర్ అడిగాడండి. అదిగో, ఆ మేక."

"మేక ఆమ్లెట్ తినడమేంటి!"

"మరి నన్నడిగితే? దానికి తినాలనిపించింది."

అంతలో రెండు కోళ్ళూ గుద్దుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని పడ్డాయి. మేక బల్ల గుద్దింది. రమ మళ్ళీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో ఆ రోజు అడిగితే సిద్ధాంతం చెప్పేవాణ్ణి. అడక్కపోయినా చెప్పాను.

"దుఃఖాన్ని కళ్ళలోకి సూటిగా చూడాలమ్మా. ఇలాంటి గంతులు మత్తుమందు. స్వర్గం ఉందని చెప్పేవాడికీ, కోడి హోటలు పెట్టిందని చెప్పేవాడికీ తేడా ఏముంది? ఈ రోజుల్లో వీడియో గేములు ఎంత ఎదిగాయో తెలుసా? చావూ, యుద్ధమూ, అపరాధమూ, ఒంటరితనమూ, ఎంత గంభీరంగా చూపిస్తున్నారు! చీకటిని చీకటిగా చూపించేదే నిజాయితీ ఉన్న ఆట."

"మీరు ఆడారా బావగారూ?"

"చదివాను."

"పురాణం చదవకుండా పురాణాన్ని తిట్టేవాణ్ణి మీరు సభలో నోరు మూయించి కూర్చోబెట్టేస్తారు కదండీ?"

పాఠకులారా, జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు బాగా అలవాటు.

"ఆడతాను! ఆడి చూపిస్తాను!"

రమ లేచి టీవీ కింది అరలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చింది. అట్ట మీద లాంతరు పట్టుకున్న ఒక మనిషి, చుట్టూ వాన, వెనక సమాధులు. "మీ తమ్ముడే కొన్నారు. కాసేపు ఆడి, కరెంటు పోతే ఊరికే కనపడే చీకటికి డబ్బులు పోశానేంటే అని పక్కన పడేశారు. ఆడండి. నన్ను మాత్రం ఆడమనకండి."

ఆదివారం పొద్దున రమ పెరట్లో బట్టలు ఉతుకుతూ ఉండగా, తనకు చెప్పకుండా, నేను హాల్లో కూర్చుని గంభీరమైన కళను ప్రారంభించాను. టీవీలో వాన మొదలైంది. ఆ వాన ఆగదు. మన ఊళ్ళో పత్తికి అవసరమైనప్పుడు పడని వానంతా ఆ ఆటలో పడుతోంది. లాంతరు మనిషి ఒక సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మాటలేమీ లేవు, ఉత్త ఏడుపు. పెరట్లో వాషింగ్ మెషీన్ మోతకి సరిగ్గా వినపడక సౌండు పెంచాను. ఇంకొంచెం పెంచాను. నిజాయితీ ఉన్న ఏడుపును తక్కువ సౌండులో వినడం అన్యాయం కదా.

నేను చెయ్యాల్సిందల్లా అతన్ని లేపి శ్మశానం గేటు దాటించడం. లేపాను. నాలుగడుగులు వేసి గోతిలో పడి చచ్చాడు. మళ్ళీ సమాధి దగ్గర మొదలు, మళ్ళీ ఏడుపు. లేపాను. ఈసారి గేటు దాకా వెళ్ళాడు, గేటు తెరవడానికి ఏది నొక్కాలో నాకు తెలియక అన్నీ నొక్కాను. లాంతరు ఆరిపోయి చచ్చాడు. మళ్ళీ ఏడుపు. కొద్దిసేపటికి నాకు నిజంగానే ప్రపంచం మీద ఆశ పోయింది. ఆట తన పని సక్రమంగా చేస్తోందని సంతోషించాను కూడా.

ఈలోగా వాషింగ్ మెషీన్ ఆగింది. రమ తడి బట్టలు తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. నేను సౌండు తగ్గించలేదు. కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. ఒక మగమనిషి గుండె పగిలే ఏడుపు వీధిలోకి ధారగా పోతోంది.

గేటు చప్పుడైంది. తలుపు తీశాను. వాకిట్లో సగం వీధి ఉంది. ముందు పిచ్చయ్యగారు, రిటైరైన బస్సు కండక్టరు. శీనుకి కర్మ చెయ్యకపోతే ఆత్మ ఇల్లు వదలదని నాతో పోట్లాడిన పెద్దమనిషి. పక్కనే ఎదురింటి ఖాసింబీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"చెప్పానా! కర్మ చెయ్యకపోతే ఇలాగే అవుద్దని చెప్పానా!" అన్నారు పిచ్చయ్యగారు.

"ఏంటండీ ఏమైంది?"

"ఏమైందేంటి, నువ్వు ఇక్కడ నిలబడ్డావు, లోపల ఏడ్చేదెవరు?"

నా వెనక హాల్లో లాంతరు మనిషి వెక్కుతున్నాడు.

"శీనన్న గొంతే. అచ్చం శీనన్న గొంతే. జలుబు చేసినప్పుడు ఇలాగే ఉండేది" అని ఖాసింబీ ఏడుపు అందుకుంది.

"అమ్మా, అది శీను కాదు!"

"మరెవరు, చెప్పన్నా?"

ఇక నా ముందు రెండు దార్లు. దెయ్యం ఉందని తల ఊపెయ్యడం ఒకటి. తమ్ముడు పోయి నెల కాకుండానే పొద్దున్నే టీవీ ముందు కూర్చుని ఆటలాడుతున్నానని ఒప్పుకోవడం రెండోది. సత్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ గురించి నేను ఎన్నోసార్లు ఆవేశంగా మాట్లాడాను. పరువివ్వడానికి మాత్రం కాస్త టైం పట్టింది.

"గేమండీ."

"ఏంటీ?"

"వీడియో గేము. ఆడుతున్నాను. నేనే."

పిచ్చయ్యగారు లోపలికి తొంగి చూశారు. టీవీ చూశారు, వాన చూశారు, నా చేతిలో కంట్రోలర్ చూశారు. తర్వాత జనం వైపు తిరిగి, "దెయ్యమే నయం" అన్నారు.

అప్పుడే మేడ మీంచి రమ పరుగెత్తుకుంటూ దిగింది. భుజాన తడి చీర. జనాన్ని తప్పించుకుని నా దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. తర్వాత టీవీ వైపు చూసింది. ఆమె మొహంలో ఏదో వెలిగి ఆరిపోయింది.

"మీరు కాదా?" అంది.

జనం వెళ్ళిపోయారు. ఖాసింబీ మాత్రం గేటు దగ్గర ఆగి, "వదినా, అన్నకి కాస్త మజ్జిగివ్వు, మనిషి బాగా లేడు" అని చెప్పి వెళ్ళింది.

"ముందు ఆ ఏడుపు కట్టెయ్యండి" అంది రమ.

కట్టేశాను. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. లాంతరు మనిషి ఏడుపు కంటే అది భయంకరంగా ఉంది.

"మీరేననుకున్నానండి" అంది. "మేడ మీద బట్టలారేస్తుంటే వినపడింది. హమ్మయ్య, బావగారు ఇప్పటికి ఏడుస్తున్నారు అనుకున్నాను. పక్కన కూర్చుందామని పరుగెత్తుకొచ్చాను."

నేను కంట్రోలర్ సోఫా మీద పెట్టేశాను.

"మీరు చీకటి చూడమంటారు. రోజూ చూస్తున్నానండి. తలగడ పక్కన చూస్తున్నాను, షాపు తాళం చేతిలో పెట్టుకుని చూస్తున్నాను. ఇంక టీవీలో కూడా నాకు చూపించక్కర్లేదు. ఆయన చచ్చిపోయారని నేను మర్చిపోతానని మీ భయమా? నాకు వేరే భయం ఉందండి. ఆయన ఊరందరి ఫొటోలూ అచ్చేశారు గానీ, ఆయనవి అన్నీ బిగదీసుకుని దిగినవే. నవ్వుతున్న ఫొటో ఒక్కటి లేదు. ఆ కోళ్ళు గుద్దుకుని పడ్డప్పుడు ఆయన ఎలా పగలబడేవారో, ఆ ఆట ఆడుతున్నంతసేపే నా చెవిలో వినపడుతుంది. అది పోతుందేమోనని భయం."

ఆమె టీవీ మళ్ళీ పెట్టింది. ఒక కంట్రోలర్ నా చేతిలో పెట్టింది.

"పట్టండి. రెండు కోళ్ళనీ ఒక్కదాన్నే తోలలేకపోతున్నాను."

నేను కూర్చున్నాను. శ్మశానంలో నాలుగడుగులు వెయ్యలేనివాణ్ణి, హోటలు నడపగలనా? నా కోడి గోడకు గుద్దుకుంది. గిన్నె నెత్తిన బోర్లించుకుంది. మేక దగ్గరికి వడ్డించడానికి వెళ్ళి మేకనే ఎత్తుకుని వంటింట్లోకి తెచ్చింది. రమ నవ్వడం మొదలుపెట్టింది. చిన్న నవ్వు కాదు, ఆయాసపడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, సోఫా చెయ్యి గుద్దుతూ నవ్వింది.

నేను లేచాను. కిటికీ వైపు నడిచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు, చెయ్యి దానంతటదే కిటికీ రెక్క మీదికి వెళ్ళింది.

"ఏం చేస్తున్నారు బావగారూ?"

"వీధిలో వాళ్ళు వింటారమ్మా. ఏమనుకుంటారు, నెల కూడా..."

"ఇందాక ఏడుపు ఊరంతా వినపడుతుంటే మూయలేదేం?"

చెయ్యి రెక్క మీదే ఉండిపోయింది.

"సభలో ఆచారాలన్నీ తీసేశామన్నారు కదా" అంది రమ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఒకటి మిగిలిపోయిందండి. పైవాటాలో ఉంటోంది."

ఎన్నో వేదికల మీద ఎంతోమందితో వాదించాను. ఓడిపోయిన రోజులున్నాయి, ఒప్పుకున్న రోజులు లేవు. ఆ రోజు కిటికీ వదిలేసి వచ్చి కూర్చున్నాను. బొట్టు ఉంచమన్నది నేనే, నవ్వు తీసెయ్యమన్నదీ నేనే. మూల గది వద్దని మైకులో అరిచి, హాలునే మూల గదిగా మార్చబోయాను. కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాను. అది శీను కంట్రోలర్. వాడి బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగిపోయి ఉంది. నా వేలు సరిగ్గా అక్కడే ఆనింది.

ఆ తర్వాత నా కోడి కదల్లేదు. పొయ్యి మీద కూర పెట్టి అలాగే నిలబడిపోయింది. తెర నాకు కనపడటం మానేసింది. సభలో రానిది, ఆస్పత్రిలో రానిది, అప్పుడొచ్చింది. లాంతరు మనిషి నా ముందు ఎందుకూ పనికిరాడు. అలా ఏడ్చాను. కిటికీ తీసే ఉంది.

రమ నా వీపు మీద చెయ్యి వేసింది. తన కళ్ళూ ధారలు కట్టి ఉన్నాయి. కాసేపు అలా ఉండనిచ్చి, మెల్లగా అంది:

"ఏడవండి బావగారూ, ఎంతసేపైనా ఏడవండి. కానీ ఆ కూర కాస్త కలపండి. అడుగంటుతోంది."

కలిపాను.

కనుక హేతువు సాక్షిగా, ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి దుఃఖానికీ నేను రంగు నిర్ణయించను. చీకటి ఆటలు ఆడుకునేవాళ్ళు ఆడుకోండి, వాళ్ళకు వాటి అవసరం ఉంటుంది, నేను అడ్డురాను. నేను మాత్రం వాన పడే ఏ ఆట జోలికీ పోను. మేకకు ఆమ్లెట్ ఎందుకని ఈ జన్మలో అడగను. మరో జన్మ లేదు కనక ఈ ప్రమాణానికి గడువు పొడిగింపు కూడా ఉండదు.