కెమెరాలో మొదట కనిపించిన మీసాలాయన, మా యాదగిరి

నిన్న మధ్యాహ్నం ఎంతో సంతోషంగా యాదగిరికి ఫోన్ చేశాను.

ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ మొదటిసారి కుర్చీలో కూర్చుని మనవరాలిని ఒడిలోకి తీసుకుంది. ఆ మాట అందరికంటే ముందు ఆయనకే చెప్పాలనిపించింది.

ఫోన్ ఎత్తింది ఆయన భార్య.

"పొద్దుగాల గుండెల నొప్పన్నడు సారూ. దవాఖాన దాంక గూడ దక్కలే..."

తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. పక్క గదిలో మా ఆవిడ పాపకు జోలపాట పాడుతోంది.

మీలో చాలామందికి యాదగిరి ఎవరో తెలియదు. రాయదుర్గంలో ఒక హోటల్‌లో వైఫై, టీవీలు, కరెంటు చూసుకునే మనిషి.

పెళ్లయిన పదకొండేళ్లకు మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నా బంగారు తల్లి! కానీ నెలలు నిండకుండానే వచ్చేసింది. ఇంటికి పంపినా రోజూ తెచ్చి చూపించాలి, దూరం తిప్పొద్దు అన్నారు డాక్టర్లు. అందుకే ఆసుపత్రి పక్కనే ఆ హోటల్‌లో గది తీసుకున్నాం.

అదే వారం మా ఆవిడ జారిపడి, తుంటి విరిగి లింగంపల్లి ఆసుపత్రిలో చేరింది. మర్నాడే ఆపరేషన్.

మా మొదటి బిడ్డ కూడా నెలలు నిండక పుట్టి, నిలవలేదు. ఆ భయం ఆమెను వదల్లేదు. వీడియో కాల్‌లో రెండు నిమిషాలు చూపిస్తే సరిపోలేదు.

"పాప నిద్రలో ఊపిరి తీసుకునేది నేను చూడల్ల. చూడకుండా ఆపరేషన్‌కు పోను" అని పట్టుబట్టింది.

పరుగున పోయి కెమెరా కొనుక్కొచ్చాను.

హోటల్ వైఫై తగులుకోదు! ఫోన్‌లో ఒక పేజీ వచ్చి గది నంబరు, చివరి పేరు అడుగుతుంది. నేను ఇంటిపేరు కొడతాను. తప్పు అంటుంది. మళ్లీ కొడతాను. మళ్లీ తప్పు.

యాదగిరి వచ్చి చూశాడు.

"కింద రిజిస్టర్ల ఇంటిపేరు ముందల రాసిన్రు గద పెద్దాయనా. ఇది చివరిదే అడుగుతది. మీ సొంత పేరు కొట్టున్రి."

ఫోన్ కలిసింది. కెమెరా కలవలేదు.

"దానికి కండ్లున్నయి గానీ చేతుల్లెవ్వు. గా పేజీల పేరెట్ల కొడ్తది?" అని నవ్వాడు.

కెమెరా అడుగున ఉన్న నంబరు రాసుకుని, మేనేజర్‌ను అడిగి, పేజీ అడగకుండా దాన్ని లోపలికి రానిచ్చేలా హోటల్ లిస్టులో ఎక్కించాడు. లైటు నీలంగా వెలిగింది. అయినా నా ఫోన్‌లో బొమ్మ రాలేదు.

"ఒక గదిల మిషన్ ఇంకొకరికి కనవడొద్దని ఈడ అడ్డు పెట్టిన్రు. మీ ఫోన్ల వైఫై బంద్ చేసి సిమ్ డేటాతోని చూడున్రి. ఫికర్ జెయ్యకున్రి."

బొమ్మ వచ్చింది. కెమెరాకు పాస్‌వర్డ్ పెట్టమని ఫోన్‌లో అడిగితే నేను గట్టిగా చెప్పబోయాను. ఆయన గబుక్కున గోడవైపు తిరిగిపోయాడు.

"నాకు చెప్పొద్దు. బాలింత గది ఇది. మీరే కొట్టుకోన్రి."

నేను టైపు చేసేంతసేపూ గోడనే చూస్తూ నిలబడ్డాడు. అటువంటి మనిషి!

తర్వాత కెమెరాను ఉయ్యాల ఒక్కటే కనిపించేలా వంచాడు. అవతల లింగంపల్లిలో మా ఆవిడ, నేను పంపిన పాస్‌వర్డ్‌తో ఫోన్‌లో చూస్తోంది. ఆమెకు మొదట కనిపించింది ఆయన ముఖమే.

"ఎవురప్పా ఈ మీసాలాయన? మా పాప యాడ?"

యాదగిరి సిగ్గుపడి మెల్లగా పక్కకు జరిగాడు.

పాప కనిపించింది.

అద్దాల మేడల మీంచి సాయంత్రపు ఎండ వచ్చి ఉయ్యాల మీద పడుతోంది. దుప్పటి కొంచెం లేస్తోంది. కొంచెం దిగుతోంది. దూరంగా మెట్రో పోతోంది, శబ్దం లేకుండా. మేమందరం నీళ్లలో తేలుతున్నట్టు అనిపించింది నాకు.

మర్నాడు ఆపరేషన్‌కు తీసుకెళ్లేదాకా మా ఆవిడ ఆ దుప్పటినే చూసింది. చివరికి ఫోన్ నర్సు చేతిలో పెట్టి అందట:

"ఊపిరి తీసుకుంటా ఉంది. ఇంక నన్ను పిల్చుకపోండమ్మా."

వచ్చే వారం పాపకు బారసాల పెట్టుకున్నాం. యాదగిరికి మీతో రక్తసంబంధం లేదు, మైల లేదు, జరుపుకోవచ్చు అన్నారు పంతులుగారు.

మా ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆయన దినాలు అయినంక పేరు పెడదాం. అంతవరకు పాపా అని పిలుచుకుంటే ఏం పోయె?"

పాప పేరు ఆగింది, నీ కోసం.

పోయిరా నాయనా యాదగిరీ. నీ ఆత్మ చల్లగా ఉండాలి.