పిట్టకు పెట్టని ముద్ద

మా బాపును ఇబ్రహీంపట్నం సమాధుల తోటలో ఉంచి వచ్చిన మరునాడు పొద్దున, మా ముందు గదిలో పాస్టర్ గారూ సంఘ పెద్దలూ కూర్చుని మూడోనాటి ఆదరణ కూడిక గురించి మాట్లాడుతున్నారు. ఏ పాటలు పాడాలి, సాక్ష్యం ఎవరు చెప్పాలి, వాక్యం ఎంతసేపు. అవన్నీ తొందరగానే తెమిలిపోయాయి. భోజనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. బగారన్నం, చికెన్ లేకపోతే మా సంఘంలో ఎవరికీ ఆదరణ కలగదు. నాకు ఒళ్లు మండింది.

గడప దగ్గర కూర్చున్న మేనత్త అప్పటిదాకా నోరు విప్పలేదు. బాపు పడుచుతనంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమె తీసుకోలేదు. అయినా ఆ అక్కాతమ్ముళ్ల మధ్య దాని గురించి ఏనాడూ మాటా మాటా రాలేదు.

"మరి పిట్టకెవరు పెడ్తరు?" అని అడిగింది.

మా వైపు మూడోనాడు, చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి సమాధి దగ్గర పెడతారు. దాన్నే పిట్టకు పెట్టడం అంటారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు తినరు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని బాధపడతారు.

పాస్టర్ గారు మెల్లగా, "మనకు అది లేదమ్మా. ఆయన ప్రభువు దగ్గరున్నరు. అక్కడ ఆకలి ఉండదు," అన్నారు.

"ఆడ ఉండదేమో అయ్యా. ఈడికెళ్లి పోయేటప్పుడు ఆకలితోనే పోయిండు గద."

హయత్‌నగర్ దవాఖానలో చివరి రోజుల్లో బాపు ముక్కుకు పైపు వేశారు. నోట్లో ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టర్లు గట్టిగా చెప్పారు. మాట పడిపోయిన మనిషి, మమ్మల్ని చూసినప్పుడల్లా వేళ్లు ముద్దలా కూర్చి నోటికి చూపించేవాడు. మేనత్త మీద నాకు కోపం వచ్చింది. నేను ఎవరితోనూ అనలేక దాచుకున్న మాటను ఆమె అందరి ముందూ అనేసింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మరునాడు ఆమె చెరువు చేపల పులుసు వండి స్టీల్ డబ్బాలో తెచ్చింది. బాపుకు ప్రాణమైన కూర అది. కూడిక జరుగుతున్నంతసేపూ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడు లేచి తోటకు పోతుందోనని నా చూపంతా అటే. పోతానంటే ఆపాలో, వెంట వెళ్లాలో నేనే తేల్చుకోలేకపోయాను. పాటల్లో ఒక్క చరణమూ నా చెవికెక్కలేదు.

ఆఖరి ప్రార్థన అయ్యాక అందరూ షామియానా కింద భోజనాలకు కూర్చున్నారు. మేనత్త ప్లేటులో అన్నం పెట్టి, పులుసు పోసి, ముళ్లు ఏరి నా దగ్గరికి తెచ్చింది.

"తోటకు పోలేదా అత్తమ్మా?"

"పోను. వాడు నమ్ముకున్నది వేరే గద, వాని మాట తీసెయ్యలేను. నువ్వు తిను బిడ్డా. నువ్వు ముడితె వాడు ముట్టినట్టే."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను గానీ మింగుడు పడలేదు. ఆమె కదలకుండా నిలబడి నా నోటివంకే చూస్తోంది. ఏడుస్తూనే మింగాను.

"ఇంకొకటి," అంది.

ప్లేటు ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడింది. తర్వాత నా పక్కన కూలబడి, తమ్ముడు పోయాక మొదటిసారి అన్నం అడిగింది.