మోకాలెత్తు రాయి కోసం తిరుపతి దాకా

కదలనివ్వనని పోయింది నేనే, దగ్గరుండి కదిలించి వచ్చిందీ నేనే. ఈ ఒక్క సంగతి మీద మా తమ్ముడు మునస్వామి నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ రాయిని పెళ్ళగించి వచ్చిందని కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాడట. వాడికి చెప్పుకోవడానికి టీ అంగడి ఉంది. నాకేముంది, అక్షరం కూడా రాదు. మా మనవరాలు తను పోయివచ్చిన ఊళ్ళ గురించి ఫోనులో రాసి పదిమందికి పంపుతుంటుంది. నాదీ ఒకటి రాయవే అన్నాను. నా మాటను పుస్తకాల తెలుగులోకి తిప్పుకుంటే తిప్పుకో, సంగతి మార్చావంటే మాత్రం ఊరుకోను అని చెప్పి కూర్చున్నాను. తిరుపతిలో ఇప్పుడు పాత ఆఫీసులూ, పాత అంగళ్ళ సముదాయాలూ పడగొట్టి కొత్తవి కడుతున్నారు. మీ నాయన నడిపిన అంగడో, మీ అవ్వ కూర్చున్న మెట్టో అందులో ఉంటే మీరూ పోయి చూడాలనుకుంటారు. అలాంటి వాళ్ళ కోసమే ఇది.

ముందు ఆ రాయి ఏమిటో చెప్పాలి. మా అమ్మ చెంగమ్మ తొమ్మిదో నెల కడుపుతో చనిపోయింది. అప్పుడు నేను చిన్నపిల్లను, మునస్వామికి ఇంకా నడక కుదరలేదు. మాది తిరుచానూరు పక్కన పల్లె. అమ్మ తెల్లారకముందే ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని తిరుపతికి నడిచేది. బిడ్డను కడుపులో పెట్టుకునే పోయిన మనిషి బరువు దించుకోకుండా పోయినట్టని మా వైపు ఒక నమ్మకం. అందుకని ఆమె పేరున దారి పక్కన రెండు నిలువు రాళ్ళు పాతి, పైన ఒక అడ్డరాయి వేస్తారు. నెత్తిన బరువుతో వచ్చేవాళ్ళు, చెయ్యి సాయానికి మనిషి లేకపోయినా, నడుం వంచకుండా గంపను దాని మీదికి జరుపుకుని కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఎవరు అక్కడ గంప దించినా పోయిన మనిషి బరువు కొంత దిగినట్టు లెక్క. దాన్ని అరవ మాటతో సుమైతాంగి, అంటే బరువు మోసేది, అంటాము. అమ్మ నడిచిన దారిలోనే నాయన ఆ రాయి నిలబెట్టించాడు. తర్వాత దాని వెనక ప్రభుత్వ ఆఫీసు వచ్చింది, ఆఫీసు ముందు అంగళ్ళ సముదాయం వచ్చింది, బండ్లదారి రోడ్డయింది. ఆఫీసు వేరే చోటికి పోయాక రెండూ పాడుబడ్డాయి. నేను కాణిపాకం పక్కకు కోడలిగా వచ్చినా, ఏడాదికొకసారి పోయి పసుపు రాసి, మోకాలెత్తున్న ఆ అడ్డరాయి మీద కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. చిన్నప్పుడు అది నాకు ఎంతో ఎత్తుగా కనబడేది. నేను చిన్నదాన్ని కాబట్టి అలా అనిపించిందేమో అనుకునేదాన్ని.

ఆ రోడ్డులోనే పూలమ్మే నాగమ్మ నాకు పాత స్నేహితురాలు. ఒక సాయంత్రం ఫోను చేసింది. "అక్కా, పాత అంగళ్ళన్నీ పడగొట్టేసినారు. యంత్రం మీ రాయి ముందరికి వచ్చి నిలబడుండాది. వస్తే రేపే రా." మునస్వామికి చెబితే, "పో, అడ్డం పడుకో, కదలనియ్యొద్దు" అన్నాడు. తను మాత్రం రాలేదు, మోకాళ్ళ నొప్పులట. నాకున్నవి మోకాళ్ళు కావు కాబోలు.

కాణిపాకం నుంచి తిరుపతికి నేరుగా బస్సులున్నాయి. పొద్దున ఆరున్నర ప్రాంతంలో ఎక్కితే, పాకాల, చంద్రగిరి మీదుగా రెండు గంటల్లో దింపుతుంది. ఆధార్ కార్డు మరిచిపోకండి, అది చూపిస్తే ఆడవాళ్ళకు చార్జీ లేదు. కండక్టరు నాకూ ఒక చీటీ చించి ఇచ్చాడు.

"దుడ్లు లేవంటివే, ఇదేందిరా?"

"సున్నా టికెట్టవ్వా."

"సున్నాకు కాగితమెందుకు?"

"నువ్వెక్కినావని తెలియాల గదా."

"నేనెక్కినానని బస్సుకంతా తెలుసు. ఇంకెవురికి తెలియాల?" అన్నాను. వెనక సీట్లో వాళ్ళు నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు. మామిడి తోటలు వెనక్కి పోతున్నంతసేపూ, ఆ యంత్రం నడిపేవాణ్ణి ఏమేం తిట్టాలో ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ కూర్చున్నాను. చంద్రగిరి దాటి కొండ కనబడగానే చేతులెత్తి, మళ్ళీ తిట్ల దగ్గరికి వచ్చాను.

బస్టాండు బయట తిరుచానూరు పోయే షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. మనిషికి ఇరవై అడుగుతారు. ఆటో అతను, "యాడికవ్వా, అమ్మవారి గుడికా?" అన్నాడు.

"గుడికి గాదు, కొట్లాటకు."

"ఎవురితో?"

"యంత్రంతో."

"అట్లయితే దుడ్లు ఇప్పుడే ఇచ్చేయవ్వా. వచ్చేటప్పుడు ఉంటావో లేవో."

రేకులు నిలబెట్టి దాచిన ఆ జాగా ముందు దిగేసరికి నాగమ్మ గేటు దగ్గరే ఉంది. లోపల పాత అంగళ్ళు లేవు, ఆఫీసు లేదు, వేపచెట్ల నీడ లేదు. అంత ఆకాశం అక్కడ ఉందని నాకెప్పుడూ తెలియదు. గేటు పక్కనే అమ్మ రాయి ఉంది. దాని ముందు పసుపుపచ్చ యంత్రం, తొండం ముడుచుకుని, నోరు నేలకు ఆనించి నిలబడి ఉంది. దాన్ని నడిపే సెల్వం పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. గుడియాత్తం వైపు మనిషి, అరవమూ తెలుగూ కలిపి మాట్లాడతాడు.

"నువ్వేనా మా రాయి మీదికి వచ్చినోడివి?" అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టి లేచాడు. "వచ్చినాను పాటీ. తాకలేదు." పాటీ అంటే అరవంలో అవ్వ.

"ఏం, నీ యంత్రానికి పండ్లు ఊడతాయనా?"

"సుమైతాంగి గదా పాటీ. మా ఊరి పక్క గూడా ఉండాయి. మా ఇంటామెకు ఏడో నెల. నిలబెట్టినోళ్ళ ఇంటి చెయ్యి ముందు పడకుండా నేను దీన్ని తాకను. పనిలోంచి తీసేస్తామంటాండారు, తీసెయ్యనీ."

"రెండు దినాలుగా ఇదే మాట," అంది నాగమ్మ. "ఇంత యంత్రం నడిపేటోడు రాయికి భయపడతాడని అందరూ ఎగతాళి చేస్తాండారు. నేనూ చేసినాను."

బస్సులో పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ ఆ అబ్బాయికి సరిపోలేదు. అంతలో ఇంజనీరమ్మ వచ్చింది. అనంతపురం అమ్మాయి, మెత్తని మనిషే కానీ మాట గట్టిది. తన మాట చెప్పింది: కార్లు నేల కిందికి దిగే దారి సరిగ్గా రాయి ఉన్న చోట నుంచే పోవాలి, ఇంకో పక్క పాత కాలువ అడ్డం. నా మాట నేను చెప్పాను: రాయి వెంట్రుకవాసి కదలదు, కార్లకు కాళ్ళు నొస్తే రోడ్డు మీదే నిలబడమను. "ముందు వచ్చి చూడవ్వా, తర్వాత తిట్టు," అని నా నెత్తిన ఒక టోపీ బోర్లించి లోపలికి తీసుకుపోయింది.

అక్కడ చూసింది చెప్పడానికి నాకు మాటలు చాలవు. పాత ఆఫీసు ఉన్న మేరంతా గుంత. అడుగున ఒక లారీ మట్టి నింపుకుంటోంది, దాని చప్పుడు బావిలో చేద పడ్డట్టు కింది నుంచి వస్తోంది. గుంత గోడలు ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉన్నాయి: ఎరుపు, బూడిద, పసుపు, మళ్ళీ ఎరుపు. జీవితమంతా భూమి మీద నడిచాను, దాని లోపలి రంగు నాకెవరూ చూపించలేదు. అందులోంచి స్తంభాలు లేపి, కింద రెండు అంతస్తులు కార్లకు, పైన అయిదు అంతస్తులు అంగళ్ళకూ ఆఫీసులకూ కడతారట. నా వయసులో సగం కూడా లేని పిల్ల, ఏది ఎక్కడ వస్తుందో గాలిలో వేలు పెట్టి చూపిస్తుంటే, లేని మెట్లు నాకు కనబడ్డాయి. ఎదురుగా ఏడుకొండలున్నాయి. పైకి చూసి చేతులెత్తడం పుట్టినప్పటి నుంచీ అలవాటే. కిందికి చూసి చేతులెత్తబుద్ధి కావడం అదే మొదటిసారి. అయినా, "శానా బాగుండాది బిడ్డా. నా రాయి మాత్రం ఆడే ఉంటాది," అన్నాను.

"సరే, ఉండనీ. అది ఎంత లోతుందో చూడాల గదా? పక్కన తవ్వేటప్పుడు పడిపోతే నీకే బాధ," అంది. అది న్యాయమైన మాటే. యంత్రం వద్దు, చేత్తో తవ్వమన్నాను. పసుపు రాసి, రాయి మీద ముందుగా నా చెయ్యి పెట్టాను. పలమనేరు వైపు నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళూ ఇద్దరు మగవాళ్ళూ గడ్డపారలు తీసుకున్నారు.

మొదట సిమెంటు లేచింది. దాని కింద తారు. దాని కింద కంకర, మళ్ళీ తారు. ఆ కింది తారు వేసినప్పుడు నా పెద్దకూతురు చంకలో ఉంది. వేడి తారుకు చెప్పు అతుక్కుంటే వదిలేసి వచ్చాను. తర్వాత ఇటుక ముక్కలు కలిసిన మట్టి. అంగళ్ళు కట్టినప్పుడు వాననీళ్ళు నిలవకుండా పోసి ఎత్తు చేసింది అదే. రాయి కాళ్ళు మాత్రం కిందికి పోతూనే ఉన్నాయి. "ఇంకా ఉండాది మేడం," అని ఒకరు, "ఇంకా ఉండాదే!" అని ఇంకొకరు. ఎగతాళి చేసినవాళ్ళంతా పని వదిలి చుట్టూ చేరారు. చివరికి బండ్లదారి ఎర్రమట్టి కనబడింది. నన్ను చెయ్యి పట్టి రాయి చుట్టూ తవ్విన ఆ గుంతలోకి దించారు. నాయన పాతిన నేల మీద నిలబడ్డాను. ఏళ్ళ తరబడి నేను కూర్చున్న అడ్డరాయి నా భుజం కంటే పైన ఉంది.

నేను పెరిగాననుకున్నాను. పెరిగింది ఊరు. నాకంటే ఎక్కువగా, నాకు తెలియకుండా, పొర మీద పొర వేసుకుని పెరిగి, అమ్మ రాయిని మోకాలెత్తు మాత్రం మిగిల్చి మింగేసింది.

అప్పుడు జరిగింది చూడండి. మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె ఆ ఇరుకులో పక్కకు తప్పుకోబోయింది. ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. కొంచెం పక్కకు ఒరిగి, తట్టను అడ్డరాయి మీదికి జరిపేసి, రెండు చేతులతో నడుం పట్టుకుని, "అబ్బా" అని ఊపిరి వదిలింది. మళ్ళీ మెడ కింద పెట్టి ఎత్తుకుని పైకి ఎక్కిపోయింది. ఎన్నేళ్ళయిందో అక్కడ ఒక బరువు దిగి. నేను ప్రతి ఏడూ వచ్చి పసుపు రాసిన రాయి మీద ఇన్నాళ్ళూ కూర్చున్నవాళ్ళే కానీ గంప దించినవాళ్ళు లేరు. అది అక్కడే ఉంటే మళ్ళీ పూడ్చిపెట్టినట్టే.

"సెల్వం, తీయరా," అన్నాను. "పైరాయి ముందు. పండ్లు తగలకూడదు, పట్టీలు ఏసి ఎత్తు."

అతను యంత్రానికి దండం పెట్టి ఎక్కాడు. పసిబిడ్డను ఎత్తినట్టే ఎత్తాడు ఆ రాయిని. అంత పెద్ద ఇనుప చెయ్యికి అంత మెత్తదనం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంజనీరమ్మ ముఖం విప్పారింది. కొత్త భవనం వాకిట్లో, అద్దాల గదిలో పెట్టిస్తానంది. కింద దీపం, పక్కన పెద్ద అక్షరాలతో చెంగమ్మ అని పేరు. నా ప్రాణం లాగింది. మా అమ్మ పేరు ఇంతవరకూ ఎక్కడా రాసి లేదు. నాగమ్మ, "ఒప్పుకోమే అక్కా, ఇట్లాంటిది ఎవురికి దొరుకుతాది?" అని చెవిలో చెప్పి గిల్లింది. "నెత్తిన గంప పెట్టుకోని వచ్చేదాన్ని నీ అద్దాల గదిలోకి రానిస్తారా బిడ్డా?" అన్నాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "రానియ్యరవ్వా," అంది. బయట పెడితే లారీ తగలొచ్చని కూడా చెప్పింది. అదీ నిజమే. "తగిల్తే మల్లా నిలబెట్టండి. గేటు బయట పెట్టు, రోడ్డుకు. పేరు లేకపోయినా పరవాలేదు," అన్నాను. పై వాళ్ళతో ఫోనులో చాలాసేపు వాదించి, ప్రహరీని ఒక మనిషి పట్టేంత లోపలికి జరిపి, అక్కడ నిలబెట్టడానికి ఒప్పించింది. నాగమ్మ తెచ్చిన సంగటి, ఊరిమిండి అనే చెనిగ్గింజల పచ్చడి అందరం గోడ నీడలో తిన్నాం. సాయంత్రానికి రాయి నిలబడింది, పూర్తి ఎత్తున.

ఆ రాత్రి నాగమ్మ ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారి బస్సుకు పోతూ గేటు దగ్గర ఆగాను. ఆకుకూరల గంపతో ఒకామె వచ్చి, దించుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవురు పెట్టించినారో గానీ సల్లగుండాల," అంది. అమ్మ పేరు చెబుదామని నోరు తెరిచేలోపు గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మునస్వామికి నేను చెప్పేది ఇదే. నాయన ఆ రాయిని ఒక చోటు కోసం పెట్టలేదు, ఒక ఎత్తు కోసం పెట్టాడు. చోటును పట్టుకుని కూర్చుని ఆ ఎత్తును పోగొట్టింది మనమే. పాతవాటిని పడగొట్టేవాళ్ళంతా మంచివాళ్ళని నేననను. ఆ పాడుబడ్డ అంగళ్ళనే నమ్ముకుని, అవి పోయాక కాలువ పక్కన కూర్చుని ఏడ్చినవాళ్ళనూ ఆ రోజే చూశాను. కానీ ఆ గుంత తవ్వకపోతే మా అమ్మ భుజం ఎంత ఎత్తుండేదో నేను తెలుసుకోకుండానే చచ్చేదాన్ని.

చూడటానికి పోయేవాళ్ళు పొద్దున ఏడు లోపల పోండి, ఆకుకూరల వాళ్ళు ఆ వేళకే వస్తారు. ఎండెక్కాక పోతే అక్కడ కనబడేది ఉత్త రాయి.