నూరు కేజీల లోపల

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కాటా గుమాస్తాను. రైతులు తెచ్చిన బోరాలను, అంటే మనిషెత్తు గోనెసంచులను, హమాలీ తూచి అంకె చెబుతాడు. నేను పుస్తకంలో ఎక్కిస్తాను. అంతే పని. పద్దెనిమిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని కూర్చుని నేనూ ఒక బోరెమంత అయ్యాను. ఈ మాట నాది కాదు, మా ఆవిడది.

ఆ ఏడు చలికాలంలో బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. దగ్గితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. ఎమ్మిగనూరులో ఒక సర్జన్ ఉన్నాడంటే, ఉగాది ముందు వారం బస్సెక్కి వెళ్లాను. ఆయన వేలితో నొక్కి చూసి పేగు జారిందన్నాడు. కోసి కుట్టాలి, కానీ ఇంత కొవ్వు మీద కుట్టు నిలవదన్నాడు. నర్సు నన్ను తూకం మీద నిలబెట్టింది. నూట పద్దెనిమిది కేజీలు.

"నూరు లోపలికొచ్చి కనపడు. మత్తు డాక్టరు కర్నూలు నుంచి బుధవారం మాత్రమే వస్తాడు. నూరు దాటితే ఆయన సూది ముట్టుకోడు" అన్నాడు సర్జన్. "కోసినాక రెండు నెలలు నీళ్ల బిందె కూడా ఎత్తకూడదు. ఆ ఏర్పాటు కూడా ఇప్పుడే చూసుకో."

మా మిల్లులో సెలవనేది లేదు. దసరాకు కొత్త పత్తి మొదలైతే ఎండలు ముదిరేదాకా బండ్లు ఆగవు. వానాకాలంలో మిల్లు మూత. కాబట్టి జబ్బు పడదలచుకున్నవాడు వానాకాలంలో పడాలి. సంగతి మిల్లు సావుకారికి చెబితే ఆయన కోపగించుకోలేదు.

"కోయిచ్చుకోప్పా, ఎవరొద్దన్నారు? దసరాకు మాత్రం కాటా కాడ ఉండాల. లేకుంటే మా బామ్మర్ది ఊరికే ఉండాడు, వాణ్ని కూచోబెడతా."

ఊరికే ఉన్న బామ్మర్ది కంటే గుమాస్తాను భయపెట్టేది ఇంకొకటి లేదు. ఆ కుర్చీ తప్ప నాకు తెలిసిన పని ఇంకొకటి లేదు. ఇంటికొచ్చి క్యాలెండర్ ముందు నిలబడి దసరా నుంచి వెనక్కి లెక్క వేశాను. శ్రావణంలో మొదటి బుధవారం కోత. ఆ తర్వాత రెండు నెలలు మంచం. దసరాకు వారం ముందే లేచి తిరగొచ్చు. అంటే ఆషాఢం వెళ్లేలోపు నేను నూరు లోపలికి రావాలి. పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. జీవితంలో నేను వేసుకున్న పథకం అదొక్కటే.

మా ఆవిడ నాకంటే గట్టిగా పూనుకుంది. ఉగాది నుంచి ఇంట్లో అన్నం బంద్. పూటకొక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. రోజూ పొద్దున హోటల్లో బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ తినే నోరు నాది. ఆ హోటల్ ఉన్న వీధి మానేసి, చుట్టూ తిరిగి స్టేషన్ దాకా నడిచి వచ్చేవాణ్ని. ఆమె నీళ్లు మోసేందుకు ఒక మనిషిని మాట్లాడింది. నులక మంచం వసారాలోకి మార్పించింది. నడుము కింద పెట్టుకోవడానికి పత్తి కూరి రెండు దిండ్లు కుట్టింది. "రెండు నెలలు మహారాజు మాదిరి పండుకో. ఆ తర్వాత లేసి నా పని సెయ్యి" అనేది.

ప్రతి సోమవారం మిల్లు కాటా మీద నిలబడేవాణ్ని. తూచేది మా పాత హమాలీ. నేను చేరిన ఏడాది కొత్తగా వచ్చినవాడు, నేనే పని నేర్పించాను. మిల్లు మూసినా అక్కడే ఉండేవాడు. ఆ కాటాకు అంకెలు తూచేవాడి వైపే కనిపిస్తాయి. పలక మీద నిలబడినవాడికి కడ్డీ వెనక భాగం తప్ప ఏమీ కనపడదు.

మొదటి సోమవారం వాడు కడ్డీ మీద తూకపు గుండు జరిపి, "నూట పదునాలుగన్నా" అన్నాడు. ఆసుపత్రిలో నూట పద్దెనిమిది వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. నేను నవ్వాను. ఆసుపత్రి తూకానికి సర్కారు ముద్ర వేయించి ఎన్నేళ్లయిందో! మా కాటాకు ఏటా ముద్ర పడుతుంది. తూకంలో డాక్టరు మాట నమ్మేంత అమాయకుణ్ని కాననుకున్నాను.

వారం వారం అంకె దిగింది. నూట పది, నూట ఆరు, నూట రెండు. పంచెలు వదులయ్యాయి. హమాలీ, "అన్నా, ఇట్లే దిగితే నిన్ను ఒంటిచేత్తో ఎత్తుతా" అని ఎగతాళి చేసేవాడు. ఆషాఢం చివరి సోమవారం, "తొంభై ఎనిమిది" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోను, ఆ రోజు నిజంగా సంతోషపడ్డాను.

బుధవారం తెల్లారి దిండ్లు, దుప్పటి, చెంబు మూట కట్టుకుని ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. నర్సు తూచింది. నూట రెండు. దిగి మళ్లీ ఎక్కమంది. నూట రెండే. నేను తూకం తప్పన్నాను, ముద్ర ఎప్పుడు వేయించారని అడిగాను. మత్తు డాక్టరు నా వైపు చూడను కూడా చూడలేదు. "వచ్చే నెల చూద్దాం" అన్నాడు.

బస్సులో మా ఆవిడ దిండ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగగానే ఆమెను ఇంటికి పంపి నేను మిల్లుకు పోయాను.

"సోమవారం నేనెంత తూగినాను?" అని అడిగాను.

"తొంభై ఎనిమిది సెప్పినా గదన్నా."

"కడ్డీ మీద ఎంతుండింది?"

వాడు తల గోక్కున్నాడు. "కడ్డీ మీద నూట రెండు. గోనెకు రెండు, సెత్తకు, తడికి రెండు పోతే తొంభై ఎనిమిది."

"నేను గోనెసంచినా?"

"తరుగు తియ్యకుండా నోరు తెరవొద్దని నువ్వే నేర్పిచ్చింటివి గదన్నా. నాకు కడ్డీ మీది అంకె నోటికి రాదు ఇప్పుడు."

వాణ్ని తిట్టలేకపోయాను. పద్దెనిమిదేళ్లుగా వాడు చెప్పిందే రాశాను, కడ్డీ వైపు తిరిగి చూసింది లేదు. ఆ తరుగు రైతుల పత్తికే అనుకున్నాను. మనిషి ఎక్కినా నాలుగు పోతుందని తట్టలేదు.

భాద్రపదంలో నూరు లోపలికి వచ్చాను, ఆసుపత్రి తూకం మీద. కోశారు, కుట్టారు. దసరాకు నేను మంచం మీదే ఉన్నాను. వసారాలో పడుకుంటే పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే పత్తి బండ్లు కనిపించేవి. కాటా దగ్గర సావుకారి బామ్మర్ది కూర్చున్నాడని హమాలీ వచ్చి చెప్పాడు.

నన్ను కాపాడింది కూడా ఆ నాలుగు కేజీలే. హమాలీ తరుగు తీసే చెబుతాడని బామ్మర్దికి తెలియదు. వాడు రాసేటప్పుడు మళ్లీ నాలుగు తీశాడు. నాలుగు పోతే రైతులు ఊరుకుంటారు, అది అందరికీ తెలిసిందే. ఎనిమిది పోయేసరికి బండ్లు పక్క మిల్లుకు తిప్పుకున్నారు. దీపావళి దాటాక సావుకారి స్వయంగా మా ఇంటికొచ్చి, "నువ్వొచ్చి కూచోప్పా, నీ పద్ధతే బాగుండాది" అన్నాడు.

పొట్టకు పట్టీ కట్టుకుని వెళ్లాను. మొదటి బండి పెద్దకడుబూరు రైతుది. బోరెం పలక మీద పెట్టారు. హమాలీ గుండు జరిపి ఒకసారి నా వైపు చూశాడు. నేను లేచి, అటు పక్కకు నడిచి, మొదటిసారి కడ్డీ చూశాను. ఎనభై ఆరు. వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"ఎనభై రెండు" అన్నాడు హమాలీ, మెల్లగా.

"ఎంతన్నాడప్పా?" అని రైతు నన్నే అడిగాడు. కుట్టు దగ్గర చురుక్కుమంది. సిగ్గేసింది కూడా. ఆ కుర్చీ కోసం నేను ఎనిమిది నెలలు అన్నం మానేశాను.

"ఎనభై రెండు" అని చెప్పి, అదే రాశాను.